ఎకరం చల్కకు ఇరవై కిలోల బస్తా సరిపోతుందా?

ప్రశ్న:

సార్, మాది నాగర్‌కర్నూల్ జిల్లా. మూడెకరాల ఎర్ర చల్క, ఒక బోరు ఉన్నాయి. వానాకాలం పత్తి, యాసంగిలో వేరుశనగ వేస్తాం. పోయిన వానాకాలం పత్తి గింజలు పెట్టిన మర్నాడే పెద్దవాన కొట్టింది. తర్వాత వారం ఎండ కాసింది. నేల మీద పెచ్చు కట్టి మొలకలు పైకి రాలేక లోపలే వంకర తిరిగి చచ్చిపోయాయి. మళ్ళీ గింజలు కొని పెట్టుకున్నాం. యాసంగిలో స్ప్రింక్లర్లు పెడితే నీళ్ళు ఇంకకుండా పక్కకు జారిపోతున్నాయి. వేరుశనగ పీకేటప్పుడు నేల ఎంత గట్టిగా ఉందంటే చాలా కాయలు భూమిలోనే తెగిపోయాయి. ఒక మూల ఐదారు గుంటల్లో ఎండాకాలం తెల్లగా పూస్తుంది, అక్కడ ఏదీ సరిగా మొలవదు. మందుల షాపాయన 'సాయిల్ కండిషనర్' అని ఇరవై కిలోల గుళికల బస్తా చూపించి, ఎకరానికి ఒకటి చల్లితే నేల గుల్లబారుతుందన్నాడు. మా ఆయన రెండు బస్తాలు తెచ్చాడు. నీళ్ళు పట్టి ఉంచే జెల్ పొడి కూడా తీసుకోమంటున్నాడట. మా మామయ్యేమో అవన్నీ దండగ, చెరువు మట్టి తోలితే చాలంటాడు. చెరువు మాకు మూడు కిలోమీటర్లు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. ఎవరి మాట వినాలి?

జవాబు:

అమ్మా,

అడిగినదానికి ముందు సూటిగా చెబుతాను. ఆ రెండు బస్తాలతో మీ నేల గుల్లబారదు. మీ మామయ్య చెప్పిన చెరువు మట్టి మంచి మందే. కాకపోతే అదొక్కటే తోలి ఊరుకుంటే పెచ్చు తగ్గకపోగా ఇంకా గట్టిపడే ప్రమాదముంది. దేని సంగతి తేల్చాలన్నా ముందు ఒక లెక్క వేయాలి. షాపులో ఆ లెక్క ఎవరూ చెప్పరు.

ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. నాగలి తిరిగే పైపొర 15 సెంటీమీటర్లు అనుకుందాం. ఆ పొరలో ఉండే మట్టి సుమారు 600 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు ఎర్ర చల్క ఒకటిన్నర టన్నుల దాకా తూగుతుంది. అంటే ఒక్క ఎకరం పైపొరలోనే 900 టన్నుల మట్టి ఉంది. అందులో ఇరవై కిలోలు కలిపితే కిలో మట్టికి పడేది 22 మిల్లీగ్రాములు. సముద్రంలో కాకిరెట్ట. జింకు సల్ఫేటు కూడా ఎకరానికి ఇరవై కిలోలే కదా, అది పనిచేయట్లేదా అని మీ ఆయన అడగవచ్చు. జింకు మొక్క తినే పోషకం, మొక్కకు దానితో పని గ్రాముల్లోనే. నేల గుల్లగా ఉండడమంటే మట్టి రేణువులు చిన్న చిన్న గుళ్ళుగా అతుక్కుని, ఆ గుళ్ళ మధ్య గాలికీ నీటికీ వేరుకూ సందు ఉండడం. 900 టన్నుల మట్టిని అలా అతికించి ఉంచే పదార్థం టన్నుల్లో కావాలి.

కొద్ది మోతాదు పనిచేసే సందర్భాలు రెండే ఉన్నాయి. ఒకటి, వేసిన పదార్థం బంకమట్టి రేణువు మీద కూర్చున్న సోడియాన్ని తొలగించేదై ఉండాలి. జిప్సం అలాంటిది. రెండోది, నేలంతా చల్లకుండా గింజ పడే సాలులోనో, మొక్క నాటే గుంతలోనో, నేల పైన ఉన్న సన్నటి పొర మీదో మాత్రమే వేయాలి. అప్పుడు బాగుచేయాల్సిన మట్టే తక్కువ కాబట్టి కొద్దిపాటి మందు కూడా చాలుతుంది. మీ డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు అన్నది ఈ రెండు మాటల్లోనే ఉంది.

ఇది కొత్త వ్యాపారమేమీ కాదు. 1951 చివర్లో అమెరికాలో మోన్‌శాంటో కంపెనీ క్రిలియం అనే కృత్రిమ పాలిమర్‌ను బయటపెట్టినప్పుడు, ఇక పశువుల ఎరువుతో పనే లేదన్నంత హడావుడి జరిగింది. దుక్కి చేసి ఏర్పరచిన గుళ్ళు విడిపోకుండా అది నిజంగానే పట్టి ఉంచేది. గుళ్ళు లేని నేలలో గుళ్ళను పుట్టించడం దానివల్ల కాలేదు. పైగా పొలమంతా కలపాలంటే అయ్యే ఖర్చు ఏ పంటా మోయలేనిది. తర్వాతి తరం పాలిమర్‌ను అదే దేశంలో ఐడహో రైతులు తెలివిగా వాడుకున్నారు. పొలమంతా కలపకుండా, కాలువలో పారే నీటిలో లీటరుకు పది మిల్లీగ్రాముల లెక్కన కలిపారు. సాళ్ళలో మట్టి కోసుకుపోవడం బాగా తగ్గింది. నీరు తగిలే పైపొర మందం కొన్ని మిల్లీమీటర్లే కనుక హెక్టారుకు కిలో, రెండు కిలోలు సరిపోయాయి.

ఇప్పుడు మీ బస్తా. ఇలాంటి గుళికల బస్తాల్లో తరచుగా ఉండేది బెంటోనైట్ మట్టి గుళికలు, వాటి మీద హ్యూమిక్ ఆమ్లం, సముద్రపు నాచు రసం లాంటివాటి పూత. హ్యూమిక్ పదార్థం వేరు పెరుగుదలకు కొంత సాయపడవచ్చు, దాన్ని నేను కొట్టిపారేయను. కానీ ఆ మోతాదులో నేల గట్టిదనం మారదు. 2021 నుంచి హ్యూమిక్, నాచు రసం లాంటి ఉత్పత్తులను బయోస్టిమ్యులెంట్లు అన్న పేరుతో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు. బస్తా మీద లోపల ఏముంది, ఎంత శాతం ఉంది అన్నది రాసి ఉందేమో చూడండి. 'సహజ పదార్థాల మిశ్రమం' అని మాత్రమే ఉంటే, విప్పని బస్తాను బిల్లుతో సహా వెనక్కి ఇచ్చేయమనండి.

మందుకంటే ముందు జబ్బేమిటో తేలాలి. మీ ఉత్తరంలో ఉన్నది ఒక జబ్బు కాదు, మూడు వేర్వేరు జబ్బులు కావచ్చు. పైన పెచ్చు ఒకటి. లోపల గట్టిపొర ఒకటి. మూలన చౌడు ఇంకొకటి. భూసార పరీక్ష కార్డులో వీటి గురించి పెద్దగా దొరకదు. అందులో 12 అంశాలుంటాయి: ఉదజని సూచిక (పీహెచ్), లవణాలు, సేంద్రియ కర్బనం, మిగతా తొమ్మిదీ పోషకాలు. నీరు ఎంత వేగంగా ఇంకుతోంది, నేల ఎంత గట్టిగా ఉంది అన్నదానికి అందులో గడే లేదు. ఆ పరీక్షలు మీరే ఇంట్లో చేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు.

మొదటిది గ్లాసు పరీక్ష. పొలంలో మూడు నాలుగు చోట్ల నుంచి బఠాణీ గింజ కంటే కాస్త పెద్దవైన ఎండు మట్టిపెళ్ళలు తెండి. తెల్లగా పూసే మూల నుంచి కూడా ఒకటి తెండి, దాన్ని వేరుగా ఉంచండి. గాజుగ్లాసులో వాననీరు గానీ క్యాన్‌లో వచ్చే మినరల్ వాటర్ గానీ పోయండి. బోరు నీళ్ళు వద్దు, అందులోని లవణాలు అసలు సంగతి బయటపడనివ్వవు. పెళ్ళను మెల్లగా వదలండి. కలపకూడదు, గ్లాసు కదపకూడదు. పది నిమిషాల తర్వాత ఒకసారి, రెండు గంటల తర్వాత ఇంకోసారి చూడండి. పెళ్ళ అలాగే ఉంటే మీ నేల నిర్మాణం బాగున్నట్టే. పొడిపొడిగా రాలి అడుగున కుప్పపడి, పై నీరు మాత్రం తేటగా ఉంటే సేంద్రియ పదార్థం తక్కువైందని అర్థం. పెళ్ళ చుట్టూ పొగమంచు కమ్మినట్టు నీరు మసకబారి, రాత్రి గడిచినా తేరుకోకపోతే బంకమట్టిలో సోడియం చేరిందన్నమాట. రెండో దానికి పెంట, అంటే పశువుల ఎరువు కావాలి. మూడో దానికి జిప్సం కావాలి. మీ చల్క పెళ్ళ చాలావరకు రెండో రకంగానే రాలుతుందని నా అంచనా. అయినా చూడకుండా నిర్ణయించవద్దు, ఎందుకంటే మీ వైపు గ్రానైట్ రాళ్ళలోంచి వచ్చే బోరు నీటిలో చాలాచోట్ల సోడియం, బైకార్బనేటు ఎక్కువ. ఏళ్ళ తరబడి ఆ నీరే పారిస్తే మంచి చల్క కూడా మూడో రకంలోకి జారుతుంది.

రెండో పరీక్షకు అడుగు తీసేసిన పాత డబ్బా ఒకటి చాలు. పెచ్చు చెదరకుండా దాన్ని నేలలోకి రెండు మూడు అంగుళాలు దించి, అర లీటరు నీళ్ళు పోసి ఎంతసేపట్లో ఇంకిందో ఫోన్లో చూసుకోండి. పక్కనే పెచ్చును కత్తితో గీకి తీసేసి, అక్కడా అలాగే చేయండి. గీకిన చోట గబగబా ఇంకితే మీ జబ్బు పైన ఉన్న పెచ్చులోనే ఉంది. రెండు చోట్లా నీళ్ళు నిలబడిపోతే జబ్బు లోపల ఉంది. అప్పుడు మంచి తడి ఇచ్చిన మూడోరోజు అరంగుళం ఇనుప చువ్వను నేలలోకి దించండి. తేలిగ్గా దిగుతూ వచ్చి, జానెడు లోతులోపే అన్ని చోట్లా ఒకే లోతులో ఆగిపోతుంటే అది గట్టిపొర. రాయి అయితే అక్కడక్కడే తగులుతుంది.

పెచ్చు ఎలా కడుతుందో తెలిస్తే సగం వైద్యం మీకే తడుతుంది. పెద్ద చినుకు ఉత్త నేల మీద పడగానే మట్టి గుళ్ళు పగిలి సన్నటి రేణువులు లేస్తాయి. అవి నీటితో పాటు కదిలి సందుల్లో కూరుకుని రంధ్రాలు మూసేస్తాయి. ఎండ కాయగానే ఆ పలుచటి పొర బిగుసుకుపోతుంది. మొక్కజొన్న మొలక మొన తేలి ఉంటుంది గనక పొడుచుకుని వస్తుంది. పత్తి మొలక తల వంచుకుని రెండు పప్పుబద్దలను మోసుకుంటూ లేవాలి, అందుకే దానికే ఎక్కువ దెబ్బ. వేరుశనగ సంగతి ఇంకోలా ఉంటుంది. మొలకప్పుడు గింజ బలంతో పెచ్చును పగలగొట్టుకు వచ్చినా, పూత తర్వాత ఊడలు దిగే వేళకు నేల మెత్తగా లేకపోతే అవి గాలిలోనే ఎండిపోతాయి. దిగినవి కూడా పీకేటప్పుడు తెగుతాయి. మీరు రాసింది అదే.

పగిలే గుళ్ళను ఎవరు పగలగొడుతున్నారు? వాన ఒక్కటే కాదు. రోటవేటర్‌తో రెండుమూడుసార్లు తిప్పి, నేల పిండిలా కనిపిస్తే దుక్కి బాగా వచ్చిందని సంబరపడడం ఇప్పుడు ఊరూరా ఉంది. చల్కకు అంతకంటే చేటు లేదు. ఆ పిండి మొదటి వానకే పెచ్చవుతుంది. ప్రతిసారీ అదే లోతులో తిరిగే రోటవేటర్ బ్లేళ్ళు కింద నేలను నున్నగా మెత్తి గట్టిపొరను తయారుచేస్తాయి. మీ పొలంలో రెండు జబ్బులూ ఉంటే కారణం ఇదొక్కటే అయ్యుండవచ్చు. ఈసారి రోటవేటర్‌ను ఇంటికి పంపేయండి. తొలకరికి పదును చూసి కల్టివేటర్‌తో దున్నించి, గుంటక తోలించండి. చిన్న చిన్న గడ్డలు పైన మిగిలితే మిగలనివ్వండి, చినుకు దెబ్బను అవే కాస్తాయి. పదును తెలుసుకోవడం మీ మామయ్యకు వచ్చు: గుప్పెడు మట్టి పిడికిట పట్టి వదిలితే ముద్దయి, వేలితో తాకితే విడిపోవాలి.

చువ్వ గట్టిపొరకు తగిలితే ఈ ఎండాకాలం నేల బాగా ఎండి ఉన్నప్పుడే చిజిల్ నాగలి పెట్టించండి. అరమీటరు ఎడంతో, 40-45 సెంటీమీటర్ల లోతుకు, వాలుకు అడ్డంగా. తడిగా ఉన్నప్పుడు తోలితే పొర పగలదు, నాగలి దాన్ని చీల్చుకుంటూ గీత మాత్రం పెట్టి పోతుంది. రెండు మూడేళ్ళకోసారి చేస్తే చాలు. చువ్వ ఎక్కడా ఆగకపోతే ఈ ఖర్చు పెట్టకండి.

ఇక చెరువు మట్టి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసినప్పుడు ఆ మట్టిని రైతులు తమ ఖర్చుతో పొలాలకు తోలుకున్నారు. మీ ఊళ్ళో కూడా తోలుకున్నవాళ్ళు ఉంటే నా మాట కంటే వాళ్ళ చేను చూడడం మేలు. మీ చల్కలో బంకమట్టి వందకు పది పాళ్ళు ఉందనుకుందాం. 900 టన్నుల్లో 90 టన్నులు. మంచి పూడిక మట్టిలో సగం దాకా బంకమట్టి ఉంటుంది. ట్రాలీకి మూడు టన్నుల లెక్కన ముప్పై ట్రాలీలు తోలితే 90 టన్నుల పూడిక, అందులో 45 టన్నుల బంకమట్టి. కలిపి చూస్తే మీ నేలలో బంకమట్టి పది నుంచి పదమూడున్నర పాళ్ళకు చేరుతుంది. ముప్పై ట్రాలీలకు ఇంతేనా అనిపించవచ్చు. తేడా ఏమిటంటే ఈ బంకమట్టి కుళ్ళిపోయేది కాదు, కొట్టుకుపోకుండా చూసుకుంటే ఏళ్ళ తరబడి ఉంటుంది. రెండు వానల మధ్య ఎడం వచ్చినప్పుడు చేను వాడిపోయే రోజును అది వెనక్కి జరుపుతుంది. పూడికతో పాటు కొంత కర్బనం, పోషకాలు కూడా వస్తాయి.

అయితే ఏ మట్టి పడితే ఆ మట్టి కాదు. వాగు చెరువులో కలిసే వైపు ఇసుకే దిగుతుంది. సన్నటి నల్లమట్టి కట్ట వైపు, నీరు ఎక్కువ కాలం నిలిచే చోట దొరుకుతుంది. ఊరి మురుగు గానీ ఫ్యాక్టరీ నీళ్ళు గానీ కలిసే చెరువైతే దాని జోలికి పోవద్దు. ట్రాలీలు మాట్లాడుకునే ముందు కిలో మట్టిని లవణాలు, ఉదజని సూచిక చూడడానికి ఇవ్వండి. మీ జిల్లాలోనే పాలెంలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. మట్టితో పాటు సీసాడు బోరు నీళ్ళు కూడా ఎక్కడ, ఎలా పరీక్ష చేయించాలో అక్కడ అడగండి. తుంగ గడ్డలున్న మట్టి తెచ్చుకుంటే మాత్రం జన్మంతా కలుపు తీస్తూ కూర్చోవాలి, తవ్వేటప్పుడు ఎవరో ఒకరు దగ్గరుండి చూసుకోండి. ఎక్కడ, ఎంత లోతు తవ్వవచ్చో పంచాయతీలో, నీటిపారుదల వాళ్ళ దగ్గర ముందే అనుమతి తీసుకోండి.

మొదట్లో చెప్పిన మెలిక ఇక్కడే ఉంది. పూడికలో బంకమట్టితో పాటు ఒండ్రు రేణువులూ ఉంటాయి. సేంద్రియ పదార్థం లేని చల్కలో దాన్ని పరిచి వదిలేస్తే అదే మందపాటి పెచ్చు అవుతుంది. కుప్పలను మే నెలలోపు పలుచగా జార్చి, గడ్డలను ఎండకూ తొలివానకూ విరగనివ్వాలి. తర్వాత పశువుల ఎరువుతో కలిపి నాలుగైదు అంగుళాల లోతుకు దున్నాలి. ఎకరానికి నాలుగు టన్నుల ఎరువు అయినా ఉండాలి. మన ఎండలకు అందులో ఎక్కువ భాగం ఏడాది తిరిగేలోగా బొగ్గుపులుసు వాయువై ఎగిరిపోతుంది కాబట్టి ఒకసారి వేశాంగా అంటే కుదరదు. పూడిక ఒకసారి పని, పెంట ఏటేటా పని. మాగిన ఎరువే వేయండి. పచ్చిపెంట వేస్తే వేరుశనగకు వేరుపురుగు, చెదలు వెంట వస్తాయి. పెంట కుప్పలు పోసి నెలరోజులు ఎండకు వదిలేయడం కూడా అలవాటు, దానివల్ల సగం సారం గాలికి పోతుంది. చల్లిన రోజే దున్నండి. గొర్ల మంద దొరికితే రెండు రాత్రులు పెట్టించుకోండి, తోలకం ఖర్చు లేని ఎరువు అదొక్కటే.

మూడెకరాలకూ ఒకేసారి ఇంత ఎరువు ఎక్కడి నుంచి తేవాలని మీరు అడిగేలోపే చెబుతాను. నేలంతా వేయలేనప్పుడు సాలులో వేయండి. పత్తి సాళ్ళ మధ్య 90 సెంటీమీటర్లు ఉంటే ఎకరంలో మొత్తం సాలు పొడవు దాదాపు 4,500 మీటర్లు. గింజ పెట్టాక సాలు మీద మీటరుకు వంద గ్రాముల చొప్పున జల్లించిన మాగిన ఎరువు చల్లితే ఎకరానికి 450 కిలోలు చాలు. చినుకు దాని మీద పడుతుంది, గింజ నెత్తిన పెచ్చు కట్టదు. పోయిన ఏడు మళ్ళీ గింజలు కొన్న డబ్బులో చిన్న ముక్కతో ఈ పని అయిపోతుంది. ఇంతచేసినా విత్తిన వెంటనే దంచికొట్టే వాన పడితే, పెచ్చు పూర్తిగా ఎండకముందే సాలు పక్కన తేలిగ్గా దంతె తోలండి, లేదా స్ప్రింక్లర్ అరగంట తిప్పండి. పెచ్చు తడిగా ఉన్నంతసేపు మెత్తగానే ఉంటుంది, మొలక బయటపడేదాకా దాన్ని ఎండనివ్వకపోతే చాలు.

పత్తి కట్టెను కాల్చకండి. ముక్కలు చేసే యంత్రం దొరికితే నేలలోనే కలపండి. హైదరాబాద్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, అదే క్రీడా (CRIDA), పీపాతో చేసిన చిన్న కొలిమిలో పత్తి, కంది కట్టెను బయోచార్‌గా మార్చే పద్ధతి తయారుచేసింది. ఆ బొగ్గు నేలలో చాలాకాలం ఉంటుంది. కానీ పైన వేసిన లెక్క ఇక్కడా వర్తిస్తుంది: పైపొరలో వందకు ఒక పాలు చేయాలంటేనే ఎకరానికి తొమ్మిది టన్నుల బొగ్గు కావాలి. మీ కట్టెతో వచ్చిన కొద్ది బొగ్గును పెంటలో కలిపి సాలులో వేసుకోండి, అంతకంటే ఆశపడకండి. మిల్లు దగ్గర వేరుశనగ పొట్టు చవగ్గా దొరికితే పశువుల కొట్టంలో పరుపుగా వేయండి. మూత్రంతో నానిన పొట్టు పెంటకుప్పలో మాగుతుంది. పచ్చి పొట్టును నేరుగా పొలంలో కలిపితే దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు మొక్కకు అందాల్సిన నత్రజనిని తినేస్తాయి. కొబ్బరి పీచుపొట్టుకూ ఇదే మాట. అది కుండీల్లో బాగుంటుంది, కోనసీమ నుంచి మూడెకరాలకు తోలుకునే సరుకు కాదు.

జెల్ పొడి దగ్గరికి వద్దాం. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ తయారుచేసిన పూసా హైడ్రోజెల్ నిజమైన వస్తువే, మోసం కాదు. తన బరువుకు కొన్ని వందల రెట్లు నీరు పీల్చుకుంటుంది. సిఫార్సు ఎకరానికి కిలో నుంచి రెండు కిలోలు. రెండు కిలోలు వేసి, నాలుగు వందల రెట్లు పీల్చిందనుకుంటే అది పట్టుకునేది 800 లీటర్లు. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితేనే 4,047 లీటర్లు. అంటే మీ జెల్ నిండుగా తాగినా దాచేది మిల్లీమీటరులో అయిదో వంతు. అది విత్తనం పక్కనే సాలులో ఉంటే మొలక దశలో రెండుమూడు రోజులు ఆదుకోవచ్చు. పొలమంతా చల్లితే కనిపించదు. ఉప్పు ఎక్కువున్న నీటిలో దాని దాహం బాగా తగ్గిపోతుంది, మీ బోరు నీరు ఎలాంటిదో తేలకుండా అసలే కొనకండి. మామిడి మొక్కలు నాటుతుంటే గుంతల్లో వేసుకోమని నేనే చెప్పేవాణ్ణి.

తెల్లగా పూసే మూలకు వైద్యం వేరు. తెలుపంతా ఒకటి కాదు. ఉదజని సూచిక 8.5 లోపు ఉండి, లవణాలు ఎక్కువుంటే అది తెల్ల చౌడు. దానికి జిప్సం వేసి లాభం లేదు. చిన్న మడులు కట్టి, మంచి నీరు నిలబెట్టి, మురుగు కాలువ ద్వారా ఉప్పును బయటికి పంపాలి. 8.5 దాటి, తడిసినప్పుడు జిగురుగా, ఎండితే నల్లటి మరకలతో గట్టిగా ఉంటే కారు చౌడు. గ్లాసులో నీరు మసకబారేది ఈ మట్టికే. జిప్సంలోని కాల్షియం బంకమట్టి మీద కూర్చున్న సోడియాన్ని లేపి తాను కూర్చుంటుంది, లేచిన సోడియం సల్ఫేటుగా నీటిలో కరుగుతుంది. ఆ నీరు బయటికి పోయే దారి లేకపోతే జిప్సం వేసినా వేయనట్టే. ఎంత వేయాలన్నది ల్యాబు చెప్పాల్సిన లెక్క, షాపు చెప్పేది కాదు. చౌడు లేని మిగతా చల్కలో కూడా గ్లాసు నీరు మసకబారితే, ఎకరానికి 800 కిలోల జిప్సం పైపైన చల్లి తేలిగ్గా కలపండి. వేరుశనగకు పూత వేళ మీరు ఎలాగూ 200 కిలోలు వేస్తుంటారు, దాన్ని ఇందులోంచే తగ్గించుకోకండి. అది కాయలో గింజ నిండడానికి.

బోరు నీటి పరీక్షలో అవశేష సోడియం కార్బనేటు అన్న అంకె ఒకటి వస్తుంది. లీటరుకు 1.25 మిల్లీ ఈక్వివలెంట్ల లోపుంటే భయం లేదు, 2.5 దాటితే ఆ నీరు ఏటా మీ నేలను పాడుచేస్తున్నట్టే. అలాగైతే నీరు పారే దారిలో జిప్సం రాళ్ళు వేసిన తొట్టి కట్టుకోవాలి. లేకుంటే పైన చెప్పినవన్నీ ఒక చేత్తో వేసి ఇంకో చేత్తో తీసేసినట్టు అవుతుంది.

ఈ ఏడు మూడెకరాలూ పెట్టుకోకండి. ఒక ఎకరం ఎంచుకుని దానికి పూడిక, పెంట రెండూ పూర్తిగా చేయండి. మిగతా రెండెకరాల్లో రోటవేటర్ మానేసి, సాలులో ఎరువు వేసి ఊరుకోండి. పూడిక తోలే ఎకరంలోనూ ఒక అంచున రెండు గుంటలు ఏమీ వేయకుండా వదిలి, నాలుగు మూలలా రాళ్ళు పాతండి. షాపాయన బస్తాలు వెనక్కి తీసుకోకపోతే అవి పారేయకండి. పక్కన ఇంకో రెండు గుంటలు కొలిచి ఒకదాన్ని అక్కడే చల్లమనండి. ఎకరానికి నలభై గుంటలు కాబట్టి, ఎకరానికి ఒకటన్న బస్తా రెండు గుంటల్లో పడితే ఇరవై రెట్ల మోతాదు. అంతవేసినా డబ్బా పరీక్షలో నీరు పక్క గుంటల కంటే త్వరగా ఇంకకపోతే, రెండో బస్తా గురించి మీ ఇంట్లో మళ్ళీ చర్చ ఉండదు.